'కి'కి ఒక్క ఇంగ్లీషు మాట చాలదు: ప్రిపోజిషన్లను నౌన్లతో, ప్రొనౌన్లతో కలపడం ఎలా

ఇంగ్లీషు మాట్లాడుతూ మనవాళ్లు ఎక్కడ తడబడతారో గమనించండి. పెద్ద మాటల దగ్గర కాదు. 'ఇంప్లిమెంటేషన్', 'కన్ఫర్మేషన్' లాంటివి గడగడా వచ్చేస్తాయి. 'టు' పెట్టాలా, 'ఫర్' పెట్టాలా, అసలేమీ పెట్టక్కర్లేదా అన్న దగ్గరే గొంతు సన్నబడుతుంది. దీనికి సగం కారణం బడిలో చెప్పిన ప్రిపోజిషన్ల పట్టీ: ఇన్ అంటే లో, ఆన్ అంటే మీద, టు అంటే కి, విత్ అంటే తో, ఫ్రమ్ అంటే నుంచి. 'డు ము వు లు ప్రథమా విభక్తి' అని వల్లించినట్టే దీన్నీ వల్లించాం. మొదట్లో పనికొచ్చిన మాట నిజమే. కాస్త ముందుకెళ్లాక అదే అడ్డొస్తుంది.

ఆ పట్టీని పక్కన పెట్టి, ప్రతి ప్రిపోజిషన్‌కీ రెండు వైపులా చూడటం అలవాటు చేసుకోండి. ఏ ప్రిపోజిషన్ రావాలో చాలాసార్లు దానికి ముందున్న మాట తేలుస్తుంది. తర్వాత వచ్చే మాట ఏ రూపంలో ఉండాలో ప్రిపోజిషన్ తేలుస్తుంది. ఇవి రెండు వేర్వేరు పనులు. రెండిటినీ కలిపేసి 'కి అంటే టు' అని సరిపెట్టుకోవడం వల్లే తంటా అంతా.

అడుగు 1: ప్రిపోజిషన్ ఎక్కడ నిలబడాలో చూసుకోండి

తెలుగులో విభక్తి చివరి మాటకి వెనక అతుక్కుంటుంది. 'మా పెద్దమ్మ వాళ్ల పాత ఇంట్లో' అన్నప్పుడు 'లో' వచ్చింది చిట్టచివర. ఇంగ్లీషులో అది ఆ మాటల గుంపు మొత్తానికి ముందు నిలబడాలి: 'ఇన్ మై ఆంట్స్ ఓల్డ్ హౌస్'. 'హౌస్' ముందు కాదు, 'ఓల్డ్' ముందు కాదు, 'మై' కంటే కూడా ముందు. ఈ తిరగేయడం అందరికీ త్వరగానే అలవడుతుంది కాబట్టి దీని మీద ఎక్కువసేపు ఆగను.

ఆగాల్సింది ఆర్టికల్ దగ్గర, అంటే 'ఎ', 'యాన్', 'ద' (లేదా 'ది') దగ్గర. మన భాషలో ఆర్టికల్ లేదు కాబట్టి 'ఐ యామ్ ఇన్ ఆఫీస్', 'హి ఈజ్ సిట్టింగ్ అండర్ ట్రీ' అనేస్తాం. ప్రిపోజిషన్ వచ్చినంత మాత్రాన ఆర్టికల్ మాయం కాదు. 'ఇన్ ది ఆఫీస్', 'అండర్ ద ట్రీ' అనాలి. కొన్ని జంటల్లో మాత్రం ఆర్టికల్ లేకపోవడమే సరైనది: 'ఎట్ హోమ్', 'ఇన్ బెడ్', 'బై బస్', 'ఆన్ ఫుట్'. వీటిని రెండేసి మాటలుగా కాక ఒకే మాటగా గుర్తుపెట్టుకోండి. 'స్కూల్' సంగతి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. పాప చదువుకోవడానికి వెళ్తే 'షి గోస్ టు స్కూల్'. వాళ్ల నాన్న ఫీజు కట్టడానికి వెళ్తే 'హి వెంట్ టు ద స్కూల్'. మొదటిదాంట్లో స్కూల్ అంటే చదువు, రెండోదాంట్లో ఫలానా భవనం.

అడుగు 2: తర్వాత వచ్చే మాట రూపం సరిచూసుకోండి

ఈ విషయంలో తెలుగు కంటే ఇంగ్లీషే తేలిక. మనకి విభక్తి తగిలితే నౌన్లు కూడా వేషం మార్చేస్తాయి. ఇల్లు ఇంటికి అవుతుంది, నెయ్యి నేతితో అవుతుంది, ఏరు ఏటికి అవుతుంది. 'ఇల్లుకి' అని మూడేళ్ల పిల్లాడు అంటే నవ్వి సరిదిద్దుతాం. ఇంగ్లీషు నౌన్‌కి ఆ బాధ లేదు: 'ద హౌస్', 'టు ద హౌస్', 'ఫ్రమ్ ద హౌస్'. ఏం ముందొచ్చినా హౌస్ హౌసే. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో నౌన్లు కూడా మనలాగే మారేవి. కాలక్రమంలో ఆ చివరలు అరిగిపోయాయి. ప్రిపోజిషన్ తర్వాత రూపం మారే ఆ పాత అలవాటు ఒక్క ప్రొనౌన్లలోనే మిగిలింది.

అందుకని ఇక్కడ నేర్చుకోవాల్సింది చాలా తక్కువ. ఐ అన్నది మీ అవుతుంది, హి అన్నది హిమ్, షి అన్నది హర్, వి అన్నది అస్, దే అన్నది దెమ్. యు, ఇట్ మారవు. హూ అన్నది హూమ్ అవుతుంది గానీ మామూలు మాటల్లో ఇప్పుడు హూ అనే వదిలేస్తున్నారు. వాడికి, అతనికి, ఆయనకి అన్న మర్యాద మెట్లన్నీ 'టు హిమ్' అన్న ఒక్కదాంట్లోనే సర్దుకుంటాయి.

'నేనుకి' అని ఏ తెలుగువాడూ అనడు. అలాగే 'టు ఐ' అని కూడా దాదాపు ఎవరూ అనరు. మరి తప్పు ఎక్కడ జరుగుతుంది? ఇద్దరు కలిసినప్పుడు. తెలుగులో 'రవికీ నాకూ ఇచ్చాడు' అని విభక్తిని ఇద్దరికీ విడివిడిగా తగిలిస్తాం. ఇంగ్లీషులో ఒక్క 'టు' ఇద్దరికీ సరిపోతుంది: 'హి గేవ్ ఇట్ టు రవి అండ్ మీ'. మధ్యలో రవి వచ్చి కూర్చోవడంతో మన చెవికి 'టు' దూరమైపోతుంది. పైగా 'మీ అండ్ రవి అనకు, రవి అండ్ ఐ అను' అని ఎప్పుడో టీచరు మందలించింది గుర్తుంటుంది. ఆ మందలింపు వాక్యం మొదట్లో, కర్తగా వచ్చినప్పుడు మాత్రమే వర్తిస్తుంది. ప్రిపోజిషన్ తర్వాత 'రవి అండ్ ఐ' తప్పే, ఎంత మర్యాదగా వినిపించినా సరే.

దీనికి పరీక్ష సులువు. రవిని కాసేపు తీసేసి చదవండి. 'హి గేవ్ ఇట్ టు ఐ' అని మీ నోరు పలకదు. అంటే అక్కడ రావాల్సింది ఇంగ్లీషు 'మీ'. 'బిట్వీన్' దగ్గర ఒకరిని తీసేయలేం కాబట్టి అక్కడ ఇద్దరి బదులూ 'వి', 'అస్' పెట్టి చూడండి. 'బిట్వీన్ అస్' అంటాం గానీ 'బిట్వీన్ వి' అనం. కాబట్టి 'బిట్వీన్ యు అండ్ మీ'.

ఆఫీసు మెయిళ్లలో ఈ మధ్య ఇంకో జాడ్యం కనిపిస్తోంది: 'ప్లీజ్ సెండ్ ద ఫైల్ టు రమ్య ఆర్ మైసెల్ఫ్'. ఐ పెట్టాలో మీ పెట్టాలో తేలక, మధ్యేమార్గంగా మైసెల్ఫ్ దించుతున్నారు. 'టు రమ్య ఆర్ మీ' చాలు. మైసెల్ఫ్ రావాలంటే చేసేదీ, ఆ పని తగిలేదీ ఒకరే కావాలి: 'ఐ మెయిల్డ్ ఇట్ టు మైసెల్ఫ్', అంటే నాకు నేనే పంపుకున్నాను. 'ఎవరి సాయమూ లేకుండా నేనే' అనడానికి 'బై మైసెల్ఫ్'. ఇంకొకటి: 'నా ఫ్రెండ్ ఒకడు' అన్న మాటకి 'ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్'. ఇక్కడ 'ఆఫ్ మీ' రాదు.

అడుగు 3: ముందున్న మాటని అడగండి

అసలు కథ ఇక్కడుంది. 'కి' అనే ఒక్క అక్షరంతో మనం ఎన్ని పనులు చేస్తామో చూడండి. ఊరికి వెళ్లాను అంటే 'టు'. అయిదింటికి రా అంటే 'ఎట్'. రేపటికి ఇచ్చేస్తాను అంటే 'బై టుమారో'. జ్వరానికి మందు, పరీక్షకి చదవడం, వంద రూపాయలకి కొనడం, మూడిట్లోనూ 'ఫర్'. గోడకి గడియారం, చెట్టుకి కాయలు, వేలికి ఉంగరం అంటే 'ఆన్'. అవును, గడియారం 'ఆన్ ద వాల్'. ఇక్కడ 'ఆన్' అంటే మీద అన్న పట్టీ తికమక పెడుతుంది. గోడ మీద కూర్చున్న పిల్లికీ 'ఆన్' వస్తుంది, గోడకి తగిలించిన గడియారానికీ అదే వస్తుంది. ఒకదాన్ని ఇంకొకటి ఆనుకుని ఉంటే చాలు, పైనే ఉండాలన్న నియమం లేదు.

ఇంకా తమాషా ఏమిటంటే, 'స్టేషన్‌కి దగ్గర', 'స్టేషన్‌కి దూరం' అన్నప్పుడు మనకి రెండూ కి యే. ఇంగ్లీషులో మొదటిది 'క్లోజ్ టు ద స్టేషన్', రెండోది 'ఫార్ ఫ్రమ్ ద స్టేషన్'. స్టేషన్ మారలేదు, మన విభక్తీ మారలేదు. ముందున్న మాట మారింది కాబట్టి ప్రిపోజిషన్ మారింది. 'నియర్' అంటే మాత్రం ఏదీ అక్కర్లేదు: 'నియర్ ద స్టేషన్'.

కొన్ని చోట్ల 'కి' పూర్తిగా ఎగిరిపోతుంది. నాకు ఆకలేస్తోంది, నాకు తెలుసు, నాకు ఇద్దరు పిల్లలు, నాకు జ్వరం, నాకు డబ్బు కావాలి. వీటన్నిట్లో 'నాకు' అన్నది ఇంగ్లీషులో ఐ అయి వాక్యం మొదట కూర్చుంటుంది. మనిషికి కలిగే స్థితి, మనిషికి ఉన్నది, మనిషికి కావలసింది చెప్పేటప్పుడు 'కి' ని వెతకొద్దు, మనిషినే కర్తగా పెట్టేయండి.

'తో' దగ్గరా ఇదే తీరు. కత్తితో కోశాడు అంటే 'విత్ ఎ నైఫ్'. భయంతో వణుకుతోంది అంటే 'ట్రెంబ్లింగ్ విత్ ఫియర్'. ఆకలితో చచ్చిపోయాడు అంటే మాత్రం 'డైడ్ ఆఫ్ హంగర్', ఎందుకంటే 'డై' అడిగేది 'ఆఫ్' ని. చెక్కతో చేసిన కుర్చీకి 'మేడ్ ఆఫ్ వుడ్', చెక్క ఇంకా కంటికి చెక్కలాగే కనిపిస్తుంది కాబట్టి. పాలతో చేసిన జున్నుకి 'మేడ్ ఫ్రమ్ మిల్క్', పాలు ఇక పాలలా లేవు కాబట్టి. సీతకి రాముడితో పెళ్లయింది అంటే 'సీత ఈజ్ మ్యారీడ్ టు రామ'. 'మ్యారీడ్ విత్' అని మనవాళ్లు రాసేది ఈ 'తో' పుణ్యమే.

'నుంచి' దగ్గర మూడు దారులు. చోటయితే 'ఫ్రమ్': 'ఫ్రమ్ వరంగల్'. కాలంలో మొదలైన బిందువు చెబితే 'సిన్స్': 'సిన్స్ 2019', 'సిన్స్ మండే'. ఎంతకాలం గడిచిందో కొలిచి చెబితే 'ఫర్': 'ఫర్ త్రీ ఇయర్స్'. 'సిన్స్ త్రీ ఇయర్స్' అన్నది మన దేశమంతా వినిపించే తప్పు. తెలుగులో 'సోమవారం నుంచి', 'మూడేళ్ల నుంచి' రెండూ ఒకేలా ఉండటం వల్ల మనకి ఆ తేడా పట్టదు. నుంచికి ముందు ఉన్నది క్యాలెండరులో వేలు పెట్టి చూపించగలిగేదైతే 'సిన్స్', లెక్కపెట్టేదైతే 'ఫర్'.

'లో' గురించి రెండు ముక్కలు. టీవీలో, ఫోన్‌లో, మూడో అంతస్తులో, సెలవులో అన్నవి నాలుగూ 'ఆన్' తీసుకుంటాయి: 'ఆన్ టీవీ', 'ఆన్ ద ఫోన్', 'ఆన్ ద థర్డ్ ఫ్లోర్', 'ఆన్ లీవ్'. బస్సులో, రైల్లో ఉన్నాను అనడానికి 'ఆన్ ద బస్', 'ఆన్ ద ట్రెయిన్'. కార్లో, ఆటోలో అయితే 'ఇన్'.

నోట్‌బుక్‌లో ప్రిపోజిషన్లని ఒక వరసలో రాసి పక్కన తెలుగు అర్థాలు రాసుకునే పద్ధతి ఇందుకే మానేయమంటాను. 'వెయిట్ ఫర్', 'డిపెండ్ ఆన్', 'లిజన్ టు', 'అఫ్రెయిడ్ ఆఫ్', 'గుడ్ ఎట్', 'మ్యారీడ్ టు' అని ముందున్న మాటతో కలిపి జంటగా రాసుకోండి. ఇంకా మంచిది, చివర ఒక ప్రొనౌన్ కూడా తగిలించి 'వెయిట్ ఫర్ మీ', 'లిజన్ టు హర్' అని రాసుకోవడం. రెండో అడుగూ మూడో అడుగూ ఒక్క గుక్కలో అయిపోతాయి.

అడుగు 4: అసలు అక్కర్లేని చోట తీసేయండి

'డిస్కస్ అబౌట్', 'ఎంటర్ ఇన్‌టు ద రూమ్', 'రీచ్ టు హైదరాబాద్', 'టోల్డ్ టు మీ', 'ఆస్క్డ్ టు హిమ్', 'అటెండ్ టు ద మీటింగ్', 'రిక్వెస్ట్ ఫర్ లీవ్', 'ఆర్డర్ ఫర్ బిర్యానీ'. ఈ క్రియలకి మధ్యలో ఎవరి సాయమూ అక్కర్లేదు. 'డిస్కస్ ద ప్లాన్', 'ఎంటర్ ద రూమ్', 'రీచ్ హైదరాబాద్', 'టెల్ మీ', 'ఆస్క్ హిమ్', 'అటెండ్ ద మీటింగ్', 'రిక్వెస్ట్ లీవ్', 'ఆర్డర్ బిర్యానీ' చాలు.

ఈ తప్పులన్నిటికీ తెలుగునే తప్పుపట్టలేం. 'చర్చించు' పక్కన మనకీ 'గురించి' అక్కర్లేదు, 'ప్రణాళికను చర్చించారు' అనొచ్చు. అసలు చిక్కు ఇంగ్లీషులోనే ఉంది. ఇవే మాటలు నౌన్లుగా వచ్చినప్పుడు ప్రిపోజిషన్ కావాలి: 'ఎ డిస్కషన్ అబౌట్ ద ప్లాన్', 'ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్', 'యాన్ ఆర్డర్ ఫర్ టూ బిర్యానీస్', 'యాన్ ఆన్సర్ టు ద క్వశ్చన్'. అవి చెవిలో పడి, క్రియ పక్కకీ పాకేస్తాయి. కాబట్టి ముందున్న మాట క్రియా, నౌనా అని చూసుకోండి. 'వి డిస్కస్డ్ ఇట్', 'వి హ్యాడ్ ఎ డిస్కషన్ అబౌట్ ఇట్'. రెండూ సరైనవే, రెండిటినీ కలిపి వండకండి.

దీనికి తిరగబడిన జాతి కూడా ఉంది. 'ఎక్స్‌ప్లెయిన్ మీ' అంటాం, 'ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ' అనాలి. 'టెల్' కి టు అక్కర్లేదు, 'సే' కి కావాలి: 'టెల్ హర్', 'సే ఇట్ టు హర్'.

కాలం చెప్పేటప్పుడు 'లాస్ట్', 'నెక్స్ట్', 'దిస్', 'ఎవ్రీ' వస్తే ప్రిపోజిషన్ పడిపోతుంది. 'ఆన్ మండే' సరే, 'ఆన్ నెక్స్ట్ మండే' వద్దు. మిగతా కాలం లెక్క తెలిసిందే: గడియారానికి 'ఎట్', రోజుకీ తేదీకీ 'ఆన్', నెలకీ ఏడాదికీ 'ఇన్'. పొద్దున్నే అంటే 'ఇన్ ద మార్నింగ్', సోమవారం పొద్దున అంటే 'ఆన్ మండే మార్నింగ్'. రోజు పేరు రాగానే అది పెత్తనం తీసుకుంటుంది. 'హోమ్', 'హియర్', 'దేర్' ముందు కూడా 'టు' పెట్టకండి: 'ఐ వెంట్ హోమ్', 'కమ్ హియర్'.

అడుగు 5: ప్రిపోజిషన్ తర్వాత పని వస్తే దాన్ని నౌన్‌గా మార్చండి

ప్రిపోజిషన్ తర్వాత నౌన్ రావాలి. పని చెప్పాల్సి వస్తే క్రియకి 'ఇంగ్' తగిలించి నౌన్ చేస్తాం, మనం 'వండు' ని 'వండటం' చేసినట్టే: 'గుడ్ ఎట్ కుకింగ్', 'థాంక్స్ ఫర్ కమింగ్'. ఇంతవరకూ బాగానే ఉంటుంది. 'టు' దగ్గరే బోల్తా పడతాం, ఎందుకంటే ఇంగ్లీషులో 'టు' లు రెండున్నాయి. 'ఐ వాంట్ టు గో' లో ఉన్నది ప్రిపోజిషన్ కాదు. 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు' లో ఉన్నది ప్రిపోజిషనే. తేడా తెలియాలంటే ఆ 'టు' తర్వాత 'ఇట్' పెట్టి చూడండి. 'లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్' నిలబడుతుంది, కాబట్టి ఇంగ్ కావాలి. 'ఐ వాంట్ టు ఇట్' నిలబడదు, కాబట్టి అక్కర్లేదు.

'పుస్తకం తీసుకోడానికి వచ్చాను' అన్నదాన్ని 'ఐ కేమ్ ఫర్ టేకింగ్ ద బుక్' అని రాయడం మనకి బాగా అలవాటు. ఎందుకు వచ్చానో చెప్పడానికి మామూలు 'టు' చాలు: 'ఐ కేమ్ టు టేక్ ద బుక్'.

అడుగు 6: చివర మిగిలిపోయేదాన్ని మర్చిపోకండి

ఇది ఎవరూ పెద్దగా చెప్పని సంగతి, మనవాళ్లని ఎక్కువగా పట్టుకునేదీ ఇదే. 'నేను మాట్లాడిన మనిషి' అన్నప్పుడు తెలుగులో 'తో' ఎక్కడుంది? లేదు. ఆ మనిషితో మాట్లాడాను అన్న వాక్యంలో ఉన్న 'తో', 'మాట్లాడిన మనిషి' అనేసరికి కరిగిపోయింది. 'నేను ఉండే ఇల్లు' లో 'లో' లేదు. 'కూర కోసిన కత్తి' లో 'తో' లేదు. మన భాషకి ఆ సౌకర్యం ఉంది, ఇంగ్లీషుకి లేదు. 'ద మ్యాన్ ఐ టాక్డ్' అని ఆపేస్తే వాక్యం తెగిపోయినట్టే. 'ద మ్యాన్ ఐ టాక్డ్ టు', 'ద హౌస్ ఐ లివ్ ఇన్', 'ద నైఫ్ ఐ కట్ ఇట్ విత్' అనాలి. ఇలాంటి వాక్యం రాసినప్పుడల్లా విడదీసి చూసుకోండి: 'ఐ టాక్డ్ టు ద మ్యాన్'. అందులో ప్రిపోజిషన్ ఉంటే, ఇందులోనూ ఉండాలి.

ప్రశ్నల్లో మనకి విభక్తి ఉంటుంది, 'దేనికోసం చూస్తున్నావు' అంటాం. ఇంగ్లీషులో అది చివరికి వెళ్తుంది: 'వాట్ ఆర్ యు వెయిటింగ్ ఫర్?' వాక్యాన్ని ప్రిపోజిషన్‌తో ముగించకూడదని మీకెవరైనా చెప్పి ఉంటే పట్టించుకోవద్దు. 1672లో జాన్ డ్రైడెన్ అనే ఇంగ్లీషు కవి దాన్ని తప్పుగా ఎంచాడు, తర్వాతి వ్యాకరణాలు అందుకున్నాయి. ఇంగ్లీషువాళ్లు మాత్రం అప్పుడూ ఇప్పుడూ అలాగే మాట్లాడుతున్నారు. మరీ లాంఛనంగా రాయాలంటే 'టు హూమ్' అని ముందుకు తెచ్చుకోవచ్చు. అలా ముందుకి వచ్చినప్పుడు 'హూ' కుదరదు, 'హూమ్' కావాలి.

అడుగు 7: రాసింది ఒకసారి గాలించండి

ఒక సెలవు మెయిల్ తీసుకుందాం. 'రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ సఫరింగ్ విత్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్. యాజ్ ఐ టోల్డ్ టు యు ఆన్ లాస్ట్ ఫ్రైడే, ది ఆడిట్ ఫైల్స్ ఆర్ విత్ రమ్య అండ్ ఐ. షి విల్ డిస్కస్ అబౌట్ దెమ్ విత్ యు. ఐ యామ్ రిక్వెస్టింగ్ ఫర్ టూ డేస్ లీవ్. లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు.'

పెన్సిల్‌తో ప్రతి ప్రిపోజిషన్ చుట్టూ సున్నా చుట్టండి. మొదటిది 'విత్'. ముందున్న మాట 'సఫర్', అది అడిగేది 'ఫ్రమ్' ని. రెండోది 'సిన్స్', తర్వాత ఉన్నది లెక్కపెట్టే రోజులు, కాబట్టి 'ఫర్'. 'ఫర్ త్రీ డేస్' వచ్చింది కాబట్టి 'ఐ యామ్' కాస్తా 'ఐ హావ్ బీన్' అవ్వాలి. మామూలు జ్వరానికి 'సఫరింగ్' అనడం కూడా కొంచెం ఎక్కువే, 'ఐ హావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్' అంటే హాయిగా ఉంటుంది. 'టోల్డ్' పక్కన 'టు' కొట్టేయండి, 'లాస్ట్' ముందు 'ఆన్' కొట్టేయండి. 'విత్ రమ్య అండ్ ఐ' దగ్గర రమ్యని తీసేసి చదివితే 'విత్ మీ' అని తేలుతుంది. 'డిస్కస్' క్రియ కాబట్టి 'అబౌట్' పోతుంది. దాని తర్వాతి 'విత్ యు' మాత్రం ఉండాలి, ఎవరితో అన్నది చెప్పాలి కదా. 'రిక్వెస్టింగ్' కూడా క్రియే, 'ఫర్' పోతుంది. చివరి 'టు' తర్వాత ఇట్ పెట్టి చూస్తే నిలబడుతుంది, కాబట్టి 'హియరింగ్'.

శుభ్రం చేశాక ఇలా ఉంటుంది: 'డియర్ సర్, ఐ హావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్. యాజ్ ఐ టోల్డ్ యు లాస్ట్ ఫ్రైడే, ది ఆడిట్ ఫైల్స్ ఆర్ విత్ రమ్య అండ్ మీ. షి విల్ డిస్కస్ దెమ్ విత్ యు. ఐ రిక్వెస్ట్ టూ డేస్ లీవ్. లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు.' వ్యాకరణం లెక్కన ఆ చివరి వాక్యంలో ఇప్పుడు తప్పేమీ లేదు. కానీ జ్వరంతో పడుకున్నవాడు సెలవు అడిగే మెయిల్లో అది లేకపోయినా లోటు లేదు, తీసేయండి.